బాల్సా కర్రతో చిన్న విమానము: చట్రము, కాగితపు తొడుగు

పెద్దముడియము ప్రాంతపు నల్లరేగడి చేలలో జొన్న విరివిగా పండించిన రోజులలో, కోత ముగిసిన తరువాత పిల్లలకు బొమ్మలకు లోటుండేది కాదు. ఎండిన దంటుపై ఉండే గట్టి పెచ్చును గోటితో చీల్చి, లోపలి తెల్లని బెండును బిళ్ళలుగా కోసి చక్రాలు చేసేవారు. పెచ్చును ఈనెలుగా చీల్చి ఇరుసులుగా గ్రుచ్చేవారు. కొద్దిసేపటిలో ఎడ్లబండి తయారయ్యేది. అరచేతిలో పెట్టుకొంటే దానికి బరువున్నట్లే తోచదు.

ఆ దంటును మరికొంచెము శ్రద్ధతో పరిశీలించినచో ఒక విశేషము కనబడుతుంది. పెచ్చు తీసిన బెండును వ్రేళ్ళతో నలిపివేయవచ్చు. బెండు తీసివేసిన పెచ్చు ఇటూ అటూ వంగిపోతుంది. కాని ఆ రెండూ కలిసి ఉన్నప్పుడు, మనిషిని మించిన ఎత్తు పెరిగిన దంటు కంకి బరువును మోస్తూ గాలికి నిలబడుతుంది. లోపల తేలికైన పదార్థము, పైన బిగువైన పలుచని చర్మము: తక్కువ బరువుతో ఎక్కువ బలము సాధించుటకు ఇదియే ఉపాయము. బాల్సా కర్రతో చట్రము కట్టి, పలుచని కాగితము తొడిగి చేసే చిన్న విమానములో ఉన్నదీ ఇదే ఉపాయము. క్రొత్తగా ఈ పనికి పూనుకొనేవారు చట్రమును ఎంతో ఓర్పుతో కట్టి, కాగితమును మాత్రము అలంకారమనుకొని తొందరగా అంటించి వేస్తారు. వారి విమానాలు చాలావరకు పాడయ్యేది అక్కడనే.

బెండు, వెదురు, కాగితము అనే ఈ మూడు వస్తువులకు విమాన చరిత్రలో గౌరవప్రదమైన స్థానమే ఉన్నది. ఫ్రాన్సు దేశస్థుడైన ఆల్ఫాన్స్ పెనో 1871లో మెలిపెట్టిన రబ్బరు పట్టీ బలముతో ఎగిరే చిన్న విమానాన్ని తయారుచేసి, పారిస్‌లోని త్విలరీ ఉద్యానవనములో ఎగురవేసినాడు. అది 11 సెకండ్లలో సుమారు 40 మీటర్లు పోయినది. ఆయన రూపొందించిన పద్ధతిలోనే తయారైన ఒక ఎగిరే బొమ్మను 1878లో అమెరికాలో మిల్టన్ రైట్ అనే మతాచార్యుడు తన కుమారులకు తెచ్చి ఇచ్చినాడు. అది బెండు, వెదురు, కాగితాలతో చేసినదే. అప్పటికి విల్బర్‌కు 11 ఏళ్ళు, ఆర్విల్‌కు 7 ఏళ్ళు. బొమ్మ విరిగిపోయినది, పిల్లలు తామే మరికొన్నింటిని చేసుకొన్నారు. కాని బొమ్మను పెద్దదిగా చేసిన కొద్దీ అది సరిగా ఎగరలేదు. ఎందువల్లనో వారికి ఆ వయస్సులో అర్థము కాలేదు. పాతికేళ్ళ తరువాత, 1903 డిసెంబరులో, మనిషిని మోసే విమానాన్ని ఎగురవేసినది ఆ అన్నదమ్ములే.

బాల్సా చెట్టు మధ్య, దక్షిణ అమెరికా ఖండాల వేడి అడవులలో సహజముగా పెరుగుతుంది. ఎక్వడార్ దేశము దీనికి ముఖ్యమైన తావు. ఇది మనకు పూర్తిగా పరాయి చెట్టు కాదు. వృక్షశాస్త్రజ్ఞుల నేటి వర్గీకరణ ప్రకారము ఇది మన బూరుగు చెట్టు కుటుంబములోనిదే. చేలలోని ప్రత్తి, పెరటిలోని బెండ కూడా ఆ కుటుంబములోనివే. బూరుగు కాయలలో వలె దీని కాయలలోనూ దూది ఉంటుంది. చెట్టు చాలా వేగముగా పెరుగుతుంది. ఆరేడేళ్ళలో నరికి కర్రను వాడుకోవచ్చు. కర్రలోని కణాలు పెద్దవి, వాటి గోడలు పలుచనివి. బ్రతికి ఉన్న చెట్టులో ఆ కణాల నిండా నీరు ఉంటుంది. కోసిన తరువాత బట్టీలలో ఆరబెట్టితే నీరు పోయి గాలి మిగులుతుంది. ఘనమీటరు టేకు కర్ర సుమారు 650 కిలోలు తూగితే, ఘనమీటరు బాల్సా సుమారు 160 కిలోలు మాత్రమే తూగుతుంది. జొన్న బెండుకూ దీనికీ భేదము ఏమనగా, బాల్సాలో పొడవునా నారపోగులు ఉన్నవి. అందుచేత పోగుల వెంబడి లాగినా, వంచినా తన బరువుకు మించిన బలము చూపుతుంది. పోగులకు అడ్డముగా మాత్రము బిస్కత్తు వలె విరుగుతుంది.

బాల్సా పలకలన్నీ ఒకే బరువు ఉండవు. పది సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందము గల పలకను తీసుకొంటే, తేలిక రకమైనచో 15 గ్రాములు, నడిమి రకమైనచో 24 గ్రాములు, బరువు రకమైనచో 37 గ్రాములు తూగవచ్చు. చూపునకు మూడూ ఒకటే. కొనేటప్పుడు చిన్న త్రాసు దగ్గర ఉంచుకొనుట మంచిది. తేలిక పలకలను రెక్కలోని పక్కటెముకలకు, బరువు పలకలను పొడవాటి బద్దలకు కేటాయించవలెను. బాల్సా దొరకని చోట ముందంచు బద్దకు సన్నగా చీల్చి నునుపు చేసిన వెదురును వాడుకోవచ్చు; అది కొంచెము బరువైనా ఎదురుదెబ్బకు ఓర్చుకొంటుంది.

బరువు విషయములో ఇంత పట్టుదల ఎందుకు? ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. రెక్క పొడవు 50 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు అనుకొందము. వైశాల్యము 500 చదరపు సెంటీమీటర్లు. మొత్తము విమానము 25 గ్రాములు తూగినచో, అది గాలిలో నిలుచుటకు సెకండుకు సుమారు 4 మీటర్ల వేగము చాలును. అనగా మెల్లగా పరుగెత్తే పిల్లవాని వేగము. అదే విమానము 50 గ్రాములైతే వేగము రెండు రెట్లు కానక్కరలేదు. పైకెత్తు బలము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగుతుంది గనుక 1.4 రెట్లు చాలును. ఇది స్వల్పమే కదా అనిపించవచ్చు. కాని నేలకు తగిలేటప్పుడు లెక్క వేరు. ద్రవ్యరాశి రెండు రెట్లు, వేగపు వర్గము రెండు రెట్లు. కనుక గతిశక్తి నాలుగు రెట్లు. జిగురు ఎక్కువ పూసి, గట్టి కర్ర వాడి "బలముగా" చేసిన విమానము మొదటి దెబ్బకే ముక్కలగుటకు కారణము ఇది. తేలిక విమానము అదే దెబ్బకు పొర్లి లేస్తుంది.

మొదటి ప్రయత్నానికి పై కొలతల గ్లైడరు చాలును. ఇంజను వద్దు, రబ్బరు పట్టీ కూడా వద్దు. రెక్క పటాన్ని కాగితముపై నిజ పరిమాణములో గీసి, గుండుసూదులు సులభముగా దిగే మెత్తని పలకపై పరచి, జిగురు అంటకుండా దానిపై పలుచని పాలిథీన్ కాగితము కప్పవలెను. పలక చదునుగా ఉండవలెను. పలక వంకర యథాతథముగా రెక్కకు వస్తుంది. 3 మిల్లీమీటర్ల చదరపు బద్ద ముందంచుకు, 3 మిల్లీమీటర్ల మందము 10 మిల్లీమీటర్ల వెడల్పు గల బద్ద వెనుకంచుకు సరిపోతుంది. నడుమ ఒక వెన్నుబద్ద. పక్కటెముకలను ఐదేసి సెంటీమీటర్ల ఎడముతో నిలపవచ్చు. వాటినన్నిటినీ ఒకే ఆకారములో కోయుటకు సులభమైన మార్గము, కావలసినన్ని ముక్కలను దొంతిగా పేర్చి సూదులతో బిగించి, ఉప్పు కాగితముతో ఒకేసారి రుద్దుట. రెక్క రెండు సగాలనూ వేర్వేరుగా కట్టి, తరువాత నడుమ అతికేటప్పుడు ఒక్కొక్క కొనను ఐదు సెంటీమీటర్లు పైకి లేపవలెను. ఒక ప్రక్కకు ఒరిగిన విమానము తనంతట సర్దుకొనుటకు ఈ వాలు తోడ్పడుతుంది.

అతుకుల గురించి ఒక మాట. జిగురు సందులను నింపే పదార్థము కాదు. కర్రకు కర్ర పూర్తిగా ఆనినచోట పలుచని పొర చాలును. ఆననిచోట ఎంత పోసినా చాలదు. రెండవ ప్రపంచ యుద్ధములో ప్రసిద్ధికెక్కిన మస్కిటో విమానము 1940 నవంబరు 25న మొదట ఎగిరినది. దాని మొండెము బర్చి ప్లైవుడ్ పొరల నడుమ బాల్సాను ఇమిడ్చి చేసినది. మళ్ళీ జొన్నదంటు సూత్రమే. 1944లో మన దేశములో ఉన్న కొన్ని మస్కిటోలు గాలిలోనే రెక్కలు విఫలమై కూలినవి. ఇక్కడి ఎండ, తేమ కారణమని మొదట భావించినారు. తరువాత విప్పి చూడగా, తయారీలోనే కొన్ని అతుకులు సరిగా ఆనక సందులు మిగిలిన సంగతి, నీరు లోనికి చేరిన సంగతి బయటపడినవి. ఇరువురు మనుషులను మోసే విమానానికి వర్తించినది పాతిక గ్రాముల బొమ్మకూ వర్తిస్తుంది. తెల్లని వడ్రంగి జిగురును అగ్గిపుల్ల కొనతో తీసి, అతుకునకు ఒక చుక్క చొప్పున పెట్టుట మంచిది.

ఇక తొడుగు. దీనికి వాడే పలుచని టిష్యూ కాగితము చదరపు మీటరుకు 12 గ్రాములు మాత్రమే తూగుతుంది. పైన చెప్పిన రెక్కకు రెండు వైపులా కలిపి గ్రాము పైచిలుకు బరువు పెరుగుతుంది. అదే వార్తాపత్రిక కాగితము తొడిగితే నాలుగున్నర గ్రాములు. నోటుపుస్తకపు కాగితమైతే ఆరు. మెరుగు పూసిన రంగు కాగితాలు కూడా పనికిరావు. అవి నీటికి సరిగా బిగుసుకోవు.

కాగితానికీ కర్రవలె పోగు దిశ ఉంటుంది. ఒక మూల చించి చూస్తే తెలుస్తుంది: ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, రెండవ దిశలో వంకరటింకరగా చిరుగుతుంది. తిన్నగా చిరిగిన దిశయే పోగు దిశ. అది రెక్క కొననుండి కొనకు పోయేటట్లు పరచవలెను. తడిసినప్పుడు, ఆరినప్పుడు కాగితము పోగు వెంబడి కంటె పోగుకు అడ్డముగా ఎక్కువ సాగి, ఎక్కువ ముడుచుకొంటుంది. అడ్డముగా పరచినచో ఆ ముడుత పక్కటెముకల నడుమ కాగితాన్ని లోనికి లాగి, రెక్కను ఆకలిగొన్న పశువు డొక్కవలె చేస్తుంది.

తొడుగుటకు ముందు చట్రమును సన్నని ఉప్పు కాగితముతో నునుపు చేయవలెను. చిన్న జిగురు బొడిపె కూడా కాగితములో నుండి పైకి కనబడుతుంది. క్రింది వైపు ముందు తొడిగి, తరువాత పైవైపు తొడగవలెను. రెక్క నడుమ వాలు ఉన్నది గనుక ఒకే కాగితము రెండు సగాలకూ కుదరదు. సగానికి ఒకటి చొప్పున, పైనా క్రిందా కలిపి నాలుగు ముక్కలు కావలెను. పలుచగా చేసిన మైదా జిగురు గాని, నీరు కలిపిన తెల్ల జిగురు గాని చట్రపు అంచులకు పూసి, కాగితమును ముడతలు పోయేంత వరకే మెల్లగా సర్దవలెను. గట్టిగా లాగి అంటించరాదు. ఇక్కడే చేయి ఆగదు! బిగువు తెచ్చే పని చేతులది కాదు, నీటిది. జిగురు ఆరిన తరువాత క్రొత్త బ్లేడుతో అంచులు కత్తిరించవలెను; పాత బ్లేడు కాగితాన్ని కోయక చించుతుంది.

తరువాత నీటిని పొగమంచువలె సన్నగా చల్లవలెను. వెంటనే కాగితము వదులై వ్రేలాడుతుంది. క్రొత్తవారు ఇక్కడ బెదిరిపోయి, పాడైనదనుకొని కాగితము ఊడదీస్తారు. కొంచెము ఓపిక పట్టినచో ఆరిన కొద్దీ ముడతలు ఒక్కొక్కటే మాయమై, చివరకు తొడుగు డప్పు చర్మమువలె బిగుస్తుంది. కాగితము సెల్యులోజు నారల అల్లిక. నీరు పీల్చిన నారలు ఉబ్బి, ఒకదానిపై ఒకటి జరిగి సర్దుకొంటవి. నీరు పోయేటప్పుడు ముడుచుకొంటూ ఒకదానినొకటి పట్టుకొంటవి. అంచులు చట్రానికి అంటి ఉండుటచేత ముడుచుకొనుటకు తావు లేక ఆ లాగుడు బిగువుగా మిగిలిపోతుంది.

ఆ బిగువు వల్ల కలిగే ప్రయోజనము ఎంతటిదో తరగతిలోనే చూపవచ్చు. 20 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పుతో నిచ్చెనవంటి చట్రాలు రెండు సమానముగా కట్టి, ఒకదానికి రెండు వైపులా కాగితము తొడిగి నీరు చల్లి ఆరనివ్వవలెను. ఒక్కొక్కదాని ఒక చివరను బల్లకు బిగించి, రెండవ చివర ఒక మూలకు ఒకే బరువును వ్రేలాడదీసి, మూల ఎంత దిగినదో కొలవవలెను. తొడుగు లేని చట్రము రెండు వ్రేళ్ళతో మెలిపెట్టినట్లు తిరిగిపోతుంది. తొడుగు ఉన్నది పెద్దగా కదలదు. కారణము తెలియుటకు నులక మంచమును తలచుకొంటే చాలును. నాలుగు పట్టెలు, నాలుగు కోళ్ళు మాత్రమే ఉన్న మంచము ఊగిపోతుంది. నులక బిగించిన తరువాత స్థిరపడుతుంది. మూలనుండి మూలకు లాగే దారము ఉన్నప్పుడు చతురస్రము ఒరగలేదు. బిగిసిన కాగితములో అటువంటి మూలదారాలు లెక్కలేనన్ని ఉన్నట్లే.

అయితే నులక ఒకవైపు ఎక్కువ లాగి అల్లినచో మంచము మెలితిరిగి, ఒక కోడు నేలకు ఆనక పైకి లేస్తుంది. రెక్కకూ ఇదే గతి పట్టవచ్చు. పైవైపు మాత్రమే తడిపి క్రింది వైపు తడపకపోతే రెక్క విల్లువలె పైకి వంగుతుంది. రెండు వైపులా తడిపి, ఊరక బల్లపై వదిలివేసినా తనకు తోచినట్లు మెలిక పడవచ్చు. కనుక నీరు చల్లిన వెంటనే రెక్క సగాన్ని చదునైన పలకపై సూదులతో బిగించి, క్రింద గాలి ఆడుటకు చిన్న చెక్కముక్కలు ఉంచి, పూర్తిగా ఆరేవరకు కదల్చకుండా ఉంచవలెను. ఒక రాత్రి గడవనిచ్చుట ఉత్తమము. ఎంతో ఆశతో చేసిన విమానము మొదటి ఉదయమే చక్రము తిరిగి నేలను గ్రుద్దుకొనుటకు, ఆ రాత్రి ఆగలేకపోవుటయే సాధారణముగా కారణము.

కడప జిల్లా వాతావరణములో ఈ జాగ్రత్త మరింత అవసరము. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, గాలి పొడిగా ఉంటుంది; చల్లిన నీరు నిమిషాలలో ఆరిపోతుంది. పలకకు బిగించే లోపలనే ఒక మూల ఆరిపోయి, రెండవ మూల తడిగా ఉండును. అందువల్ల వేసవిలో ఈ పని తెల్లవారుజామున గాని, సాయంకాలము గాని, నీడలో చేయవలెను. ఒకేసారి రెక్క సగానికి మించి తడపరాదు. ఎండలో ఆరబెట్టుట కూడదు. అక్టోబరు, నవంబరు నెలలలో ఈశాన్య ఋతుపవనాల తేమకు అదే తొడుగు వదులవుతుంది. డోపు అనే పలుచని వార్నిషును, దాని ద్రావకమును సమముగా కలిపి ఒకటి రెండు పూతలు పూసినచో కాగితపు రంధ్రాలు మూసుకొని ఈ మార్పు తగ్గుతుంది. కాని డోపు కూడా ఆరేటప్పుడు కాగితాన్ని లాగుతుంది గనుక మళ్ళీ పలకకు బిగించవలసినదే. దాని ఆవిరి ఘాటైనది, నిప్పుకు వెంటనే అంటుకొంటుంది. కిటికీలు తెరచి, పొయ్యికి దూరముగా, ఉపాధ్యాయుడు దగ్గర ఉండగా మాత్రమే పూయవలెను. చిన్న గ్లైడరుకు అసలు పూయకపోయినా లోటు లేదు.

రెక్కలో మెలిక ఉన్నదీ లేనిదీ కనుగొనుటకు విమానాన్ని వెనుకనుండి ఒక కన్ను మూసి చూడవలెను. ఒక కొనలో వెనుకంచు క్రిందికి దిగి ఉన్నచో ఆ రెక్క గాలిని ఎక్కువ కోణముతో ఎదుర్కొని ఎక్కువగా లేస్తుంది. విమానము రెండవ వైపునకు తిరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలును. దీనికి చికిత్స సులభమే. మరుగుతున్న ఎసరు పైనుండి వచ్చే ఆవిరిలో, చేయి కాలకుండా, ఆ భాగాన్ని కొన్ని క్షణాలు ఉంచి, మెలికకు ఎదురు దిశలో కొంచెము ఎక్కువగానే త్రిప్పి, చల్లారేవరకు అట్లే పట్టుకోవలెను.

గరిమనాభి ముందంచునుండి మూడు, మూడున్నర సెంటీమీటర్ల దూరములో ఉండవలెను. రెక్క క్రింద ఆ చోట రెండు చూపుడువ్రేళ్ళు ఆనించి ఎత్తితే విమానము సమముగా నిలువవలెను. సాధారణముగా తోక బరువై ముక్కుకు కొంత బరువు చేర్చవలసి వస్తుంది. పెద్దముడియములో నల్లరేగడి బంకమట్టికి కొదువ లేదు గనుక దానిని ముద్దచేసి అంటించుట పిల్లలకు సహజముగా తోచే ఉపాయము. అందులో ఒక చిక్కున్నది. తడిమట్టి ఆరినకొద్దీ బరువు తగ్గుతుంది, పెళుసై రాలుతుంది. సాయంకాలము సరితూగిన విమానము మరునాటికి తోకబరువుతో ముక్కు పైకెత్తి, ఆగి, కూలిపోతుంది. మైనపు ముద్ద గాని, చిన్న సీసపు తునక గాని మేలు.

పరీక్షకు గాలి లేని వేళ కావలెను. ఆషాఢ శ్రావణాలలో వీచే నైరుతి గాలి ఈ బొమ్మలకు శత్రువు. శనగ కోసిన తరువాత, ఫిబ్రవరి మార్చి నెలల ఉదయము, ఖాళీ చేలు అనుకూలమైనవి. విమానాన్ని భుజము ఎత్తున సమముగా పట్టుకొని, ఎదుట పదిహేను అడుగుల దూరములో నేలపై ఒక గురుతు చూచి, దానివైపు మెల్లగా త్రోయవలెను, విసరరాదు. ముక్కు లేచి ఆగిపోతే ముందు బరువు కొంచెము పెంచవలెను. తల దించి దిగిపోతే కొంచెము తీసివేయవలెను. ఒక్కొక్క మారుకు ఒక్క మార్పే చేయవలెను. లేనిచో ఏది ఫలించినదో తెలియదు. ఎన్.సి.సి.లో 1950లో ప్రారంభమైన వైమానిక విభాగము తన విద్యార్థులకు ఇచ్చే శిక్షణలో నమూనా విమానాల నిర్మాణము కూడా ఒక భాగము. ఎత్తునుండి అయిదారు రెట్ల దూరము తిన్నగా సాగి నేల తాకినచో, మొదటి గ్లైడరుకు అది మంచి ఫలితమే.

పొద్దెక్కిన తరువాత మరొక వింత ఎదురవుతుంది. నల్లరేగడి నేల ఎండను బాగుగా పీల్చుకొని ప్రక్కనున్న పచ్చని పైరుకంటె ముందుగా వేడెక్కుతుంది. దానిపై గాలి వేడెక్కి స్తంభమువలె పైకి లేస్తుంది. గ్రద్దలు రెక్కలు ఆడించకుండ చక్కర్లు కొడుతూ ఎత్తుకు పోయేది ఇటువంటి చోటనే. పాతిక గ్రాముల విమానము ఆ స్తంభములో చిక్కినచో దిగిరాదు; తిరుగుతూ తిరుగుతూ కుందూ నది దాటి కనుమరుగు కావచ్చు. పోటీలలో ఆడేవారు దీనికొక ఏర్పాటు చేస్తారు. కొంతసేపటికి తోకను పైకి ఎగదన్నేటట్లు రబ్బరు పట్టీ బిగించి, దానిని చిన్న గడియారపు యంత్రముతో పట్టి ఉంచుతారు. గడువు తీరగానే తోక లేచి, విమానము చదునుగా, మెల్లగా క్రిందికి దిగుతుంది. అది లేనివారు రెక్కపై తమ పేరు, బడి పేరు వ్రాసి ఉంచుట మంచిది. తొడుగు తడిపి ఆరిన తరువాత, పలుచని సిరాతో వ్రాయవలెను. ముందే వ్రాసినచో నీటికి అక్షరాలు చెదిరిపోతవి.